మావాడి జట్టు ఊరు మారింది

2025 అక్టోబరులో ఒక సాయంత్రం మా పెద్దోడు తన పసుపు జెర్సీని మడతపెట్టి, పెళ్ళిళ్ళకు కట్టే పట్టుచీరలుండే ట్రంకుపెట్టెలో అడుగున పెట్టేశాడు. వాడు బట్టలు మడతపెట్టడం నేను చూసింది అదే మొదటిసారి. మా అత్త గడపలో కూర్చుని కందులు చెరుగుతూ చూసింది.

"చినగలేదు, రంగు పోలేదు. యాలరా లోపల పెడతాండావు?"

"మా జట్టు ఢిల్లీకి పొయ్యింది జేజీ. పేరు కూడా మార్చేసుకున్నారంట."

"పోతే పోనీలే, మళ్ళీ రాదా?"

వాడు జవాబు చెప్పలేదు. అన్నం కూడా సరిగా తినలేదు. మొదట నాకు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. పదో తరగతి చదివే పిల్లోడు, ఎవరో పదకొండు మంది ఊరు మారితే ఇంత దిగులేంటి? ఆ రాత్రి వాడు నిద్రపోకుండా దొర్లుతుంటే నాకూ నిద్ర పట్టలేదు. అప్పుడు ఆలోచించడం మొదలుపెట్టాను.

మాది ఆమడగూరు. కర్ణాటక సరిహద్దు మాకు కూతవేటు. జబ్బు చేసినా, కొలువు కావాలన్నా, పెళ్ళి బట్టలకైనా మావాళ్ళు బెంగళూరుకే పోతారు. హైదరాబాద్ మాకు రాత్రంతా బస్సులో కూర్చోవలసిన దూరం. అందుకే వాళ్ళ నాయన అడిగాడు, "బెంగళూరు జట్టు పక్కనే ఉంది, మంచి జట్టు, మరి నీకు హైదరాబాద్ జట్టెందుకురా?" అని. "అది తెలుగోళ్ళ జట్టు నాయనా" అన్నాడు వాడు. అప్పుడు వాడు ఆరో తరగతి.

ఆ జట్టు పేరు హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019లో పుట్టింది. మొదటి ఏడాది ఇండియన్ సూపర్ లీగ్‌లో అందరికన్నా అడుగున నిలిచింది. మూడో ఏడాదికి కప్పు కొట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టుతో ఫైనల్. మా ఇంట్లో ఒక్క ఫోను చుట్టూ ఐదు తలకాయలు. కేరళ వాళ్ళు ముందు గోలు వేశారు. ఇంక రెండు మూడు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా సాహిల్ తవోరా సమం చేశాడు. చివరికి పెనాల్టీలు. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులు ఆపేశాడు. మా అత్తకు ఫుట్‌బాల్ అంటే ఏందో తెలీదు. అయినా మూడోది ఆపినప్పుడు "ఆ పిల్లోనికి దిష్టి తీయండ్రా" అనింది. ఆ రాత్రి మావాడు జెర్సీ ఇప్పకుండానే పడుకున్నాడు.

ఆ తర్వాతి ఏడాది కూడా లీగ్‌లో రెండో స్థానం. ఇంక మనకు తిరుగులేదు అనుకున్నాడు పిల్లోడు. 2023-24లో అంతా తలకిందులైంది. ఆటగాళ్ళకు జీతాలు అందడం లేదని పేపర్లలో వచ్చింది. విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రాళ్ళతోనే ఆడారు. సీజను మొత్తంలో ఒకే ఒక్క గెలుపు. అయినా మావాడు ప్రతి మ్యాచ్ చూశాడు. ఓడిపోతుందని తెలిసీ హోంవర్కు ముందే ముగించుకుని కూర్చునేవాడు. ఒకరోజు విసుగొచ్చి "ఓడిపోయేదాన్ని ఎందుకు చూస్తావురా, గెలిచేది ఏదన్నా పట్టుకో" అన్నాను. "ఓడిపోయినప్పుడు కూడా మనమే చూడకపోతే ఇంకెవరు చూస్తార్మా?" అన్నాడు. నేను వంటింట్లోకి వచ్చేశాను. ఆ మాట మనుషుల విషయంలో నేర్పాలని నేను ఎన్నేళ్ళుగా చూస్తున్నానో. వాడు బంతాటలో నేర్చుకున్నాడు.

తర్వాత యాజమాన్యం మారింది. 2025 అక్టోబరులో జట్టు ఢిల్లీకి మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. మావాడి కన్నీళ్ళు ఎవరినీ అడిగి రాలేదు, జట్టును మార్చినవాళ్ళూ వాణ్ణి అడగలేదు. చట్టప్రకారం అడగనక్కర్లేదు కూడా. ఆరా తీస్తే నాకు ఇంకో సంగతి తెలిసింది. 2019లో ఈ జట్టు హైదరాబాద్‌కు వచ్చింది పుణె జట్టు మూతబడిన చోటులోకే. అంటే మావాడు పసుపు జెర్సీ కొనుక్కుని ఎగిరిన రోజుల్లోనే పుణెలో ఎవరో తల్లి తన కొడుకు జెర్సీని ఇట్లే లోపల పెట్టి ఉంటుంది. అది తెలిశాక కోపం తగ్గి, బాధ పెరిగింది.

ఇది మన దగ్గర కొత్త కాదు. మా నాయన తరం వాళ్ళు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గురించి చెప్పుకునేవాళ్ళు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచిన జట్టు అది. దానికి శిక్షణ ఇచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం గారే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశాన్ని నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి తీసుకెళ్ళారు. మరుసటి ఏడాదే కేన్సర్‌తో పోయారు. ఆయన తర్వాత మన ఫుట్‌బాల్ మళ్ళీ ఆ ఎత్తుకు పోలేదు. ఒక్క మనిషి భుజాల మీద నిలబడ్డది ఆ మనిషితోనే ఒరిగిపోతుంది.

ఇదే కథ ప్రపంచంలో ఇంకెక్కడన్నా వేరేగా ముగిసిందా అని వెతికాను. స్కాట్లండ్‌లో రెండు జట్ల కథ దొరికింది. గ్రెట్నా అని ఇంగ్లండు సరిహద్దులో, మా ఆమడగూరు లాంటి చిన్న ఊరు. ఆ ఊరి జట్టును ఒక ధనవంతుడు చేరదీశాడు. వరసగా మూడేళ్ళు మెట్టు మీద మెట్టెక్కి పెద్ద లీగ్‌లోకి వచ్చేసింది. 2006లో స్కాటిష్ కప్ ఫైనల్ దాకా పోయి, హార్ట్స్ అనే ఎడిన్‌బరో జట్టు చేతిలో పెనాల్టీల్లో ఓడింది. రెండేళ్ళకు ఆ పెద్దమనిషికి జబ్బు చేసింది, డబ్బు ఆగింది. 2008లో జట్టు మూతబడింది.

గెలిచిన హార్ట్స్ కూడా అప్పట్లో ఒక్క వ్యాపారి చేతిలోనే ఉండేది. ఆయన వ్యాపారాలు కూలాక 2013లో అదీ దివాలా అంచుకు వచ్చింది. అయితే అది 1874 నాటి జట్టు, అభిమానులు ఊరుకోలేదు. ఒక సంఘం పెట్టుకుని, నెలకు పది పౌండ్లు మొదలుకొని ఎవరికి చేతనైనంత వాళ్ళు కట్టడం మొదలుపెట్టారు. ఆన్ బడ్జ్ అనే ఒక ఆడమనిషి, సొంతంగా కంపెనీ నడిపి పైకొచ్చిన ఆమె, 2014లో తన డబ్బు పెట్టి జట్టును కొని నిలబెట్టింది. అభిమానుల సంఘంతో ముందే ఒప్పందం చేసుకుంది. ఆ ప్రకారమే 2021 ఆగస్టులో నూటికి డెబ్బై ఐదు వంతులకు పైగా వాటాను సంఘానికి అప్పజెప్పింది. ఈరోజు ఆ జట్టును ఎవరైనా ఇంకో ఊరికి తీసుకుపోవాలంటే ఆ వేలమందిని అడగాలి.

గ్రెట్నా వాళ్ళు కూడా పూర్తిగా చేతులెత్తేయలేదు. అదే ఏడాది అభిమానులు కొత్త జట్టు పెట్టుకుని కింది మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టారు.

ఇది చదువుతుంటే నాకు మా డ్వాక్రా సంఘం గుర్తొచ్చింది. మనకు కొత్తేముంది ఇందులో? నెలనెలా పొదుపు, తీర్మానాల పుస్తకం, అప్పెవరికి ఇవ్వాలో పదిమంది కూర్చుని మాట్లాడుకోవడం. ఒకామె ఊరు మారినా సంఘం నిలుస్తుంది. ఎడిన్‌బరో వాళ్ళు చేసింది పెద్ద పొదుపు సంఘమే. మనం కుట్టుమిషన్లకు, బర్రెగొడ్లకు, పిల్లల ఫీజులకు చేసిన పనిని వాళ్ళు ఒక బంతాటకు చేశారు.

"ఆట తిండి పెడుతుందా?" అని మీరు అడుగుతారు. నేనూ అడిగినదాన్నే. మా అనంతపురం వైపు ఆ ప్రశ్నకు జవాబు కళ్ళముందే ఉంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు మొదలుపెట్టిన ఆర్డీటీ, ఆసుపత్రులు, ఇళ్ళు, బడులతో పాటు అనంతపురంలో పెద్ద క్రీడా మైదానాలు కట్టింది. 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ అక్కడ ఆడారు. పల్లె ఆడపిల్లలు నిక్కరు వేసుకుని ఫుట్‌బాల్ ఆడటం మా జిల్లాలో తప్పుగా కనబడకుండా పోయిందంటే ఆ మైదానాల వల్లే. ఆడిన పిల్ల చదువు మానదు, పెళ్ళి తొందరపెడితే ఎదురు మాట్లాడుతుంది. ఇంతకన్నా తిండి ఏం పెట్టాలి?

2025లో ఆర్డీటీకి విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ ఆగిపోయినప్పుడు జిల్లా అంతా రోడ్డు మీదికి వచ్చింది. అందరూ ఆసుపత్రి ఏమవుతుందోనని భయపడ్డారు, నేనూ అంతే. మావాడు మాత్రం "గ్రౌండ్ మూసేస్తారామ్మా?" అని అడిగాడు. ఒకే ఏడాదిలో వాడి ప్రశ్న రెండుసార్లు ఒకటే అయింది. ఇచ్చే చెయ్యి ఎంత మంచిదైనా, అది ఒక్కటే అయితే మనకు నిద్ర ఉండదు.

మా పక్క సేద్యగాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. చెనిక్కాయ ఒక్కదాన్నే నమ్ముకుంటే వాన ఎగ్గొట్టిన ఏడు ఇల్లు గడవదు. అందుకే చెనిక్కాయ చేలో నడుమ నడుమ కంది సాళ్ళు వేస్తారు. చెనిక్కాయ ఎండినా కంది వేరు లోతుకు పోయి, వెనకొచ్చిన ఒక్క వానకు కాయ పడుతుంది. పెద్ద దాతా కావాలి, ప్రభుత్వమూ కావాలి. అది చెనిక్కాయ. మన చిన్న చిన్న డబ్బులు కంది సాళ్ళు. పండిన ఏడు వాటిని ఎవరూ లెక్కచెయ్యరు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. జట్టును తీసుకుపోయారని నేను నాలుగు రోజులు తిట్టుకున్నాను. ఒకరోజు మావాడే అన్నాడు, "మనం కూడా ఏం చేశాంలేమ్మా. గచ్చిబౌలి స్టేడియానికి ఒక్కసారి కూడా పోలేదు. ఒక్క టికెట్ కొనలేదు. నా జెర్సీ కూడా బెంగళూరు ఫుట్‌పాత్ మీద కొన్నదే కదా." నిజమే. మా ఇంటి నుంచి ఆ జట్టుకు ప్రేమ తప్ప ఒక్క రూపాయి పోలేదు. ప్రేమకు వాటా పత్రం ఉండదు. మాలాంటి పేద అభిమానులది తప్పు అనటం లేదు, వాటా కొనుక్కునే దారి మనకు ఎవరూ చూపలేదు కూడా. కానీ దూరపు జట్టు కోసం ఏడ్చిన మేము, మా హైస్కూలు గ్రౌండ్‌లో గోల్ స్తంభాలు ఎప్పుడు విరిగిపోయాయో గమనించలేదు.

అందుకే మీతో నా మాట ఒకటే. మీ పిల్లలు ఏదో ఒక జట్టును, అది చిన్నదైనా, ఓడిపోయేదైనా, ఇష్టపడితే నవ్వకండి. ఆ ఇష్టం వాళ్ళకు విడవకుండా ఉండటం నేర్పుతుంది. దాంతోపాటు ఇంకొకటి మనం నేర్పాలి. ఇష్టమైనదానికి ఖర్చెవరు పెడుతున్నారు, వాళ్ళు ఆగిపోతే ఏమవుతుంది, అందులో మన చెయ్యి ఎంత అని అడగడం. దగ్గర్లో మ్యాచ్ ఉంటే టికెట్ కొని చూపించండి. ఊళ్ళో పిల్లల జట్టుంటే నెలకు ఇరవై రూపాయలైనా వెయ్యండి. లెక్క పుస్తకం పెట్టించండి, ఆ పుస్తకం ఒక్కరి దగ్గరే ఉంచకండి. ఆడపిల్లలను కూడా ఆడించండి, లేకపోతే సగం ఊరు బయట నిలబడి చూస్తుంది.

మావాడు పది రోజులు మూగనోము పట్టి, తర్వాత "హైదరాబాద్‌లో శ్రీనిధి డెక్కన్ అని ఇంకో జట్టుంది, ఐ-లీగ్‌లో రెండుసార్లు రెండో స్థానం వచ్చింది తెలుసా" అని మొదలుపెట్టాడు. నేను మధ్యలోనే ఆపి, "చూడు గానీ, ముందు మన గ్రౌండ్ సంగతి చెప్పు" అన్నాను. వాడూ వాడి నేస్తులూ ఇంటింటికీ తిరిగి డబ్బు పోగు చేశారు. మా డ్వాక్రా అక్కలు తలా ఇంత వేశారు. మా అత్త కొంగుముడి విప్పి యాభై ఇచ్చి, "రాసుకోరా, నా పేరు కూడా రాయి" అనింది. కట్టె స్తంభాలు కాదు, ఈసారి ఇనుప పైపులు పాతారు. వెల్డింగు చేసినాయన కూలి తీసుకోలేదు.

పోయిన ఆదివారం ట్రంకుపెట్టె తెరిచి ఉంది. పట్టుచీరలన్నీ చిందరవందర. పసుపు జెర్సీ లేదు. వీపు మీద ఉన్న హైదరాబాద్ పేరు సగం ఊడిపోయిందంట, వాడు మిగతా సగం కూడా గీకేసుకుని, అదే వేసుకుని గ్రౌండ్‌కు పోయాడు.