ఫ్యాక్టరీ నుంచి ఐటీకి పోవాలనుకునే తమ్ముళ్లకు: పొలం కుదవ పెట్టి దొంగ ఎక్స్‌పీరియన్స్ కొనొద్దు

పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

పోయిన వారం పత్తికొండ దిక్కు తండా నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసినాడు. బీటెక్ మెకానికల్, నాలుగేళ్లుగా సిమెంట్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని. "అన్నా, హైదరాబాద్‌లో ఒకాయన లక్షన్నర కడితే మూడేళ్ల ఐటీ ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇస్తాడంట, ప్రాజెక్ట్ మేనేజర్ కోర్సు గూడా నేర్పిస్తాడంట. నాయన రెండెకరాలు కుదవ పెడతానంటాండాడు. కట్టమంటావా?" అన్నాడు.

వద్దన్నా. నేనూ అదే దారిలో వచ్చినోణ్ణే. యర్రగుంట్ల దిక్కు ఒక ఫ్యాక్టరీలో ఆరేళ్లు షట్‌డౌన్ ప్లానింగ్ చేసి ఐటీకి వచ్చినా. ఎందుకు వద్దన్నానో అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ లెటర్ సంగతి. మీరు ఫ్యాక్టరీలో పనిచేసిన ప్రతి నెలా మీ పీఎఫ్ కట్ అయింది. ఆ లెక్క మీ యూఏఎన్ నంబర్ కింద ఉంటుంది. ఐటీ కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దాన్ని చూస్తాయి. లెటర్‌లో "మూడేళ్లు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్" అని, పీఎఫ్‌లో అదే మూడేళ్లు సిమెంట్ ఫ్యాక్టరీ అని ఉంటే ఏమైతుంది? చేరినాక దొరికినా తీసేస్తారు. లక్షన్నర పోతుంది, పొలం కుదవలోనే ఉంటుంది. అన్నిటికంటే ఘోరం, నిజంగా చేసిన నాలుగేళ్ల పనిని నీ చేత్తో నువ్వే చెరిపేసుకున్నట్టు.

ఆ నాలుగేళ్లే నీ ఆస్తి అని నేనంటా. ఐటీ వాళ్లు వాడే పద్ధతులు చాలా వరకు ఐటీలో పుట్టినవి కావు. పనులను తేదీల వారీగా గీతల్లో చూపే గ్యాంట్ చార్ట్ వందేళ్ల కిందటి ఫ్యాక్టరీలది. క్రిటికల్ పాత్ అనే లెక్కను 1950ల చివర్లో అమెరికాలో డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీ, ప్లాంట్ల నిర్మాణానికి, షట్‌డౌన్లకు తయారు చేసుకుంది. కాన్‌బాన్ బోర్డు టయోటా కార్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. ఐటీ వాళ్లు తమకంటూ రాసుకున్న ఎజైల్ మ్యానిఫెస్టో 2001ది.

కిల్న్ షట్‌డౌన్ గుర్తు తెచ్చుకోండి. కిల్న్ చల్లారాలి, పాత ఇటుక పీకాలి, కొత్త ఇటుక పరచాలి, మళ్లీ మెల్లగా వేడి ఎక్కించాలి. ఇటుకల లారీ ఒక రోజు ఆలస్యమైతే కిల్న్ లేచేది ఒక రోజు ఆలస్యం. మిల్లు గేర్‌బాక్స్ పని ఒక రోజు అటూ ఇటూ అయినా నడుస్తుంది. ఈ తేడా తెలిసినోడికి క్రిటికల్ పాత్ తెలిసినట్టే. ఇంకా మాట్లాడితే, మన తండాల నుంచి గుంటూరు మిరపకోతకు సుగ్గికి పోయేటప్పుడు మేస్త్రీ చేసేదేమి? ఎంతమంది, లారీ బాడుగ ఎంత, అడ్వాన్స్ ఎవరికి, ఎవరైనా జబ్బు పడితే ఆ సాలు ఎవరు కోయాల. ఇదంతా మనకు కొత్త విద్య కాదు.

అయితే అంతా ఒకటే అని కూడా చెప్పను. కిల్న్‌లో ఏం చేయాలో మొదటి రోజే తెలుసు. సాఫ్ట్‌వేర్‌లో కస్టమర్ సగంలో మనసు మార్చుకుంటాడు, అది తప్పు గాదు, అక్కడి పనే అట్లుంటుంది. ఫ్యాక్టరీలో గట్టిగా అరిస్తే పని కదులుతుంది, ఇక్కడ అరిస్తే టీమ్ నోరు మూసుకుంటుంది, తప్పులు దాస్తుంది. నాకు ఇది అర్థం కావడానికే ఏడాది పట్టింది. రోజూ ఇంగ్లిష్‌లో రెండు పేరాలు రాయడం, ఫోన్‌లో మాట్లాడడం మీరు ఇప్పుడే మొదలుపెట్టండి.

దారి ఏదంటే, మీ ఫ్యాక్టరీలో శాప్‌లో వర్క్ ఆర్డర్లు వేసి ఉంటే, ఆ ప్లాంట్ మెయింటెనెన్స్ మాడ్యూల్ ఇతర కంపెనీల్లో పెట్టే ప్రాజెక్టులకు మనుషులు కావాలి. ప్రైమవెరా, ఎంఎస్ ప్రాజెక్ట్ వాడి ఉంటే రెజ్యూమెలో పైన రాయండి. మొదట దొరికేది మేనేజర్ కుర్చీ కాదు. ప్రాజెక్ట్ కోఆర్డినేటర్, పీఎంఓ అనలిస్ట్, బిజినెస్ అనలిస్ట్ లాంటివి. జీతం మొదట్లో తగ్గొచ్చు, ఇంట్లో ముందే చెప్పండి. పీఎంపీ సర్టిఫికెట్‌కు డిగ్రీ ఉన్నోళ్లు 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ చూపాలి. ఆ అనుభవం ఐటీదే కావాలని రూలేమీ లేదు. షట్‌డౌన్ నడిపింది కూడా లెక్కే. అనుభవం లేని పిల్లలకు క్యాప్మ్ ఉంది, దానికి 23 గంటల శిక్షణ చాలు. బేతంచెర్ల నాపరాళ్లు, మంగంపేట ముగ్గురాయి గనులు, కలమల్ల థర్మల్, గని–శకునాల సోలార్ పార్క్‌లో పనిచేసే మన పిల్లలకు ఇదంతా వర్తిస్తుంది.

చివరిగా ఐటీలో ఇప్పటికే ఉన్న అన్నలకు, అక్కలకు ఒక మాట. సర్కారు ఉద్యోగంలో మనకు 6 శాతం రిజర్వేషన్ ఉంది. ప్రైవేటులో అది లేదు, అక్కడ రెఫరల్ నడుస్తుంది. వేరేవాళ్లకు లోపల మామో బావో ఉంటాడు. మన తండా పిల్లోడికి ఎవరున్నారు? మీరే. మీరు ఫోన్ ఎత్తకపోతే ఆ లక్షన్నర అడిగినాయన ఎత్తుతాడు. నెలకు ఒక్క గంట, ఒక్క రెజ్యూమె దిద్దండి.

ఆ తమ్ముడి రెజ్యూమె ఈ ఆదివారం నేను దిద్దుతాండా. ఇంకొకరిది ఎవరు తీసుకుంటారో కింద కామెంట్‌లో చెప్పండి.