రంగు చూసి పందెం కాస్తారా?

సంక్రాంతికి ఊరెళ్ళిన ప్రతిసారీ నాకిది తప్పదు. నేను అరుగు మీద కూర్చుని పోకెమాన్ ఆడుకుంటుంటే మా బాబాయ్ ఓసారి తొంగి చూసి, "నువ్వాడేదీ కోడిపందేలే కదరా! నీదైతే ఆట, మాదైతే జూదమూనా?" అంటాడు.

మాది సత్తుపల్లి దాటాక అశ్వారావుపేట వైపు. పామాయిల్ తోటలు, జామాయిల్ తోటలు దాటితే ఆంధ్రా సరిహద్దు. పండగ మూడ్రోజులూ ఖమ్మం, భద్రాచలం కార్లు చాలావరకు ఆ సరిహద్దు అవతల బరుల దగ్గరే తేలతాయి. వాటిలో హైదరాబాద్ నుంచి దిగిన మన సాఫ్ట్‌వేర్ బాబులూ తక్కువేం కాదు. బాబాయ్‌కి ఎదురు చెప్పలేను గానీ, మీకు చెప్పగలను కదా :)

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. పోలిక ఉంది. మంచి జాతి చూసుకోవడం, గుడ్లు పొదిగించడం, తర్ఫీదివ్వడం, పోటీకి దించడం... అంతా అదే. 2002లో వచ్చిన రూబీ, సఫైర్ ఆటల్లో టార్చిక్ అని ఓ కోడిపిల్ల ఉంటుంది. 16వ లెవెల్లో కంబస్కెన్, 36వ లెవెల్లో బ్లేజికెన్ అవుతుంది. చూడ్డానికి అచ్చం పందెం పుంజే.

ఇప్పుడీ పుంజుని ఎలా గెలిపించాలో చూడండి. దాని అటాక్ 120, వేగం 80 మాత్రమే. కాబట్టి స్పీడ్ బూస్ట్ ఉన్నదాన్ని తీసుకుని, మొదటి టర్న్‌లో ప్రొటెక్ట్ వాడాలి. దెబ్బ తగలకుండానే వేగం ఒకటిన్నర రెట్లవుతుంది. తర్ఫీదు పాయింట్లు మొత్తం 510, ఒక్కోదానికి గరిష్ఠం 252. అటాక్‌కి 252, వేగానికి 252 పెట్టేయండి. స్వభావాలు 25 రకాలు. అడమెంట్ అయితే అటాక్ 10 శాతం పెరుగుతుంది. నీళ్ళు, నేల, గాలి, సైకిక్ రకాలంటే దీనికి గండం. అందుకని పక్కన గడ్డి రకం ఒకటి ఉంచితే నీళ్ళనీ నేలనీ అది చూసుకుంటుంది. ఐదో తరం ఆటలొచ్చాక ఇది మరీ రెచ్చిపోతోందని స్మోగన్ వాళ్ళు మామూలు పోటీల నుంచి దీన్ని తీసేసి పైశ్రేణిలో పడేశారు కూడా.

ఇందులో ఒక్క ముక్క కూడా నా మీద నమ్మకంతో ఒప్పుకోనక్కర్లేదు. మీరే ఆడి చూసుకోవచ్చు. తప్పయితే నన్ను తిట్టొచ్చు.

మరి కుక్కుట శాస్త్రమో? డేగ, కాకి, నెమలి, సేతు, పర్ల... ఈకల రంగుని బట్టి పేర్లు. ఏ రోజు ఏ రంగు గెలుస్తుంది, ఏ దిక్కు నుంచి వదలాలి, ఎవరి పేరుకి ఏ పుంజు కలిసొస్తుంది అని లెక్కలు. ఇద్దరూ అదే శాస్త్రం చూసుకుని బరిలోకి దిగుతారు, ఒకడు ఓడతాడు. ఓడినవాడు శాస్త్రం తప్పంటాడా? అనడు. "నక్షత్రం సరిగ్గా చూడలేదు" అంటాడు. మన భాషలో చెప్పాలంటే టెస్ట్ ఫెయిలైతే కోడ్ మార్చకుండా టెస్టునే మార్చేయడం అన్నమాట!

"తరతరాల అనుభవాన్ని ఎగతాళి చేస్తావా?" అంటారేమో. మేపడంలో, ఈత కొట్టించడంలో ఉన్న అనుభవానికి నా దండం. నా గొడవంతా పంచాంగంతోనే. అన్నట్టు మా ఆటలోనూ రంగు పిచ్చి ఉంది. షైనీ అని వేరే రంగుది అరుదుగా దొరుకుతుంది, 2013 నుంచి లెక్క 4096లో ఒకటి. దానికోసం రాత్రిళ్ళు మేలుకునేవాళ్ళున్నారు. కానీ రంగు వల్ల బలం ఒక్క పాయింటు కూడా పెరగదని వాళ్ళందరికీ తెలుసు. తేడా అక్కడే ఉంది.

ఇక కత్తి. కాలికి కత్తి కట్టాక నెలల తరబడి పెట్టిన బాదం పప్పులూ, కీమాలూ ఒక్క వేటుకి అయిపోతాయి. బ్లేజికెన్ సొమ్మసిల్లితే పోకెమాన్ సెంటర్‌కి తీసుకెళ్తే లేచి కూర్చుంటుంది. పుంజు లేవదు, సాయంత్రానికి కూరవుతుంది. జంతువుల్ని పోట్లాడించడం నేరమని 1960 నాటి చట్టమే చెప్తోంది. సంప్రదాయం అనే మాట ఆ చట్టానికి వేసిన ముసుగు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. గెలుపోటములు సగం సగం అనుకుందాం. పందెం పదివేలు, గెలిచినదాంట్లో నిర్వాహకుడికి పది శాతం అనుకుందాం. గెలిస్తే 9000, ఓడితే 10000. అంటే సగటున పందేనికి 500 నష్టం. ఇరవై పందేలకి పదివేలు హుష్‌కాకి. ఏ రంగు పుంజు మీద కాసినా ఈ లెక్క మారదు.

పోయిన పండక్కి నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు పైపందేల్లో నాలుగు నెలల జీతం పోగొట్టుకున్నాడు. "శాస్త్రం ప్రకారం ఆ రోజు కాకిదేరా" అన్నాడు. ఆఫీసులో లాగ్ చూడకుండా ఒక్క మాట ఒప్పుకోడు వాడు! ఇంటి ఈఎంఐ కోసం నా దగ్గరే అప్పు తీసుకున్నాడు. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

బాబాయ్ చదువుకోలేదు, ఆయన్ని నేనేమీ అనను. మనం చదువుకున్నాం. వచ్చే పండక్కి సరిహద్దు దాటేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇదే లెక్కని మీ టీమ్‌లో ఎవరైనా డిజైన్ రివ్యూకి తెస్తే పాస్ చేస్తారా?