పుర్రెకో బుద్ధి... చేతికో మౌస్!

ఇంట్లో కంప్యూటరు ఒకటే, మనుషులు ముగ్గురు. నాన్న లేవగానే అమ్మ కూర్చుంటుంది. ముందుగా కీబోర్డును తన వైపు లాక్కుంటుంది. తర్వాత కూతురి వంతు. ఆ అమ్మాయిది ఎడమచేతి వాటం. మౌస్‌ను కుడి నుంచి ఎడమకు మార్చేసుకుంటుంది. మళ్లీ నాన్న వచ్చి, 'ఎక్కడి వస్తువు అక్కడ ఉంచవా?' అని విసుక్కుంటాడు.

చాలా ఇళ్లలో ఉన్న తగవే ఇది. కానీ, ఆ 'అక్కడ' అన్నది ఎవరు నిర్ణయించారు?

ఇప్పటి కీబోర్డు వరుస టైప్‌రైటర్ నుంచి వచ్చింది. క్రిస్టఫర్ షోల్స్ బృందం తయారుచేసిన యంత్రాన్ని రెమింగ్టన్ కంపెనీ 1874లో అమ్మకానికి పెట్టింది. దాని వరుసకే కొద్ది మార్పులతో 'క్వెర్టీ' అని పేరు స్థిరపడింది. అచ్చులన్నీ ఎడమచేతి వేళ్ల కిందే ఉండేలా ఆగస్ట్ డ్వోరాక్ వేరే అమరిక తయారుచేసి 1936లో పేటెంట్ పొందాడు. విండోస్‌లో అది ఇప్పటికీ ఉంది. అయినా లోకం పాత అలవాటును వదల్లేదు. ఇక మౌస్ అంటారా... డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనతో 1964లో తయారైన తొలి నమూనా ఒక చెక్క పెట్టె. దానికున్న మీట ఒక్కటే!

తెలుగు దగ్గరికొస్తే ఇష్టాలు మరీ ఎక్కువ. డీటీపీ నేర్చుకున్నవారికి యాపిల్ కీబోర్డు చేతికి వచ్చేస్తుంది. కొందరికి ఇంగ్లిషు అక్షరాల్లో 'అమ్మ' అని కొడితే తెలుగులో పడటమే సుఖం. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఖరారు చేసిన ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులు ఎడమవైపు, హల్లులు ఎక్కువగా కుడివైపు ఉంటాయి. హిందీలో 'క' ఏ మీట మీద ఉందో తెలుగులోనూ అక్కడే. కొత్తగా నేర్చుకునేవారికి ఇది మంచి దారి. చేయి తిరిగినవారు మాత్రం ఉన్నది వదులుకోనక్కర్లేదు.

అయితే ఇష్టానికీ ఒక హద్దుంది. అది మణికట్టు! కీబోర్డు వెనక ఉండే చిన్న కాళ్లను ఎత్తిపెడితే మణికట్టు పైకి వంగుతుంది. వాటిని మడిచేయడమే మేలు. మోచేతులు ఒంటికి దగ్గరగా, మణికట్టు వంకర లేకుండా ఉండాలి. మౌస్ కీబోర్డు పక్కనే, అదే ఎత్తులో ఉండాలి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తరచూ తిమ్మిరెక్కుతుంటే అక్కడి నరం మీద ఒత్తిడి పడుతుండొచ్చు. అప్పుడు మౌస్ మార్చి ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి.

ఇక్కడే ఆ అమ్మాయికి ఒక లాభముంది. మామూలు కీబోర్డుకు అంకెల మీటలు కుడివైపు ఉంటాయి. కుడిచేత్తో మౌస్ వాడేవారు వాటిని దాటి చేయి చాచాలి. రోజంతా అలా చాస్తే భుజం లాగుతుంది. ఎడమవైపు ఆ అడ్డు లేదు. అక్షరాల పక్కనే మౌస్!

సెట్టింగ్స్‌లో మౌస్ విభాగానికి వెళ్లి ప్రధాన మీటను 'కుడి'గా మారిస్తే ఎడమచేతి చూపుడువేలితోనే క్లిక్ చేయొచ్చు. బాణం గుర్తు వేగాన్నీ అక్కడే తగ్గించుకోవచ్చు. కొనేటప్పుడు మాత్రం రెండువైపులా ఒకేలా ఉన్న మౌస్ చూసుకోవాలి. కుడిచేతి కోసం ఒంపు తిప్పినది ఎడమచేతిలో ఇమడదు.

మరి ఇంట్లో తగవో? అందుకూ మందుంది. ఎవరికి వారు వేరే యూజర్ అకౌంట్ పెట్టుకుంటే, లాగిన్ కాగానే ఎవరి మౌస్ మీటలు, ఎవరి కీబోర్డు భాషలు వారికి వచ్చేస్తాయి. విండోస్ మీటతో పాటు స్పేస్‌బార్ నొక్కితే తెలుగు, ఇంగ్లిషుల మధ్య మారొచ్చు. బల్ల మీద మౌస్‌ను జరుపుకోవడం ఒక్కటే మిగిలే పని.

ఆ ఇంట్లో నాన్నకు ఈమధ్య కుడిభుజం లాగుతోంది. ఒక ఆదివారం ఎవరూ చూడకుండా మౌస్‌ను ఎడమవైపు పెట్టి చూశాడు. బాణం గుర్తు చెప్పిన మాట వింటేగా! పది నిమిషాలు తంటాలు పడి, చివరికి కూతుర్ని పిలిచాడు.

'ఇదెలా పట్టుకోవాలో కాస్త చూపించవే!'