చమురు తాగే కంచు

ఫ్యాను విప్పడం తెలుగు పండితుల పని కాదని మా శ్రీమతి ముందే హెచ్చరించింది. వింటేనా! పోయిన వేసవిలో టేబుల్ ఫ్యాను గరగరలాడితే, హనుమకొండ చౌరస్తా దాకా మోయడమెందుకని నేనే విప్పాను. ఇరుసు తిరిగే కంచు బుష్షును గరుకు కాగితంతో లోపలంతా నున్నగా రుద్ది, కిరసనాయిలుతో కడిగి బిగించాను. మూడోనాటికి ఫ్యాను మొరాయించింది.

మా వీధిలో లోహశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన ఉన్నారు. 1959లో రీజనల్ ఇంజనీరింగు కాలేజీగా వెలిసి ఇప్పుడు ఎన్.ఐ.టి. అయిన మన వరంగల్ కాలేజీలోనే చదివారు. బుష్షు చూసి, "దీని గొంతు పిసికారు సార్!" అన్నారు.

అది పోత పోసింది కాదట. తొంభై పాళ్లు రాగిపొడి, పది పాళ్లు తగరంపొడి కలిపి, అచ్చులో అదిమి, 800 డిగ్రీల పైచిలుకు వేడిలో ఉంచుతారు. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి గనక అది కరగదు. 232 దగ్గరే కరిగే తగరం మాత్రం రాగిలోకి ఇంకిపోయి, తానున్న చోట సందు మిగులుస్తుంది. రాగి రేణువులు తాకిన చోటల్లా పరమాణువులు వలసవచ్చి సన్నని మెడ కడతాయి. మెడ లావెక్కేకొద్దీ కోసుగా ఉన్న సందులు గుండ్రబడతాయి. కరగకుండానే రెండూ ఒకటి కావడం! నాకు సవర్ణదీర్ఘసంధి గుర్తొచ్చింది.

"సంధి అక్కడితో ఆగదు సార్" అన్నారాయన. ఇంకా వేడిలో ఉంచితే లోపలి పెద్ద స్ఫటికం పక్కనున్న చిన్నదాన్ని మింగి పెరుగుతుంది. సందులు ఒకదానితో ఒకటి తెగి, ఒంటరి బుడగలై లోపలే చిక్కుకుంటాయి. పళ్లచక్రం చేసేవాడికి సందులు పోవాలి. బుష్షు చేసేవాడికి అవే ప్రాణం. అందుకని వేళ చూసి కొలిమిలోంచి తీసి, ఆ సందుల నిండా చమురు పట్టిస్తాడు. ఇరుసు వేడెక్కితే చమురు బయటికొస్తుంది, చల్లారితే వెనక్కి పోతుంది.

నేనేమో కిరసనాయిలుతో చమురు కడిగేశాను, గరుకు కాగితంతో సందుల నోళ్లు పూడ్చాను.

ఈ పొడివిద్య చిన్నదేం కాదు. 3422 డిగ్రీలకు గాని కరగని టంగ్‌స్టన్‌ను పొడి అదిమి, కాల్చి, బల్బులో తీగగా సాగదీసింది అమెరికాలో విలియం కూలిడ్జి, 1910 ప్రాంతంలో. హైదరాబాదు దగ్గర బాలాపూరులో ఈ విద్య పేరుతోనే ఒక పరిశోధన సంస్థ ఉంది.

కొత్త బుష్షు వేయించాను. పాతదాని మీద మిత్రుడు రెండు చుక్కల చమురు వేసి చూపించారు. పైవైపు వేసింది చూస్తుండగానే ఇంకిపోయింది. నేను రుద్దిన లోపలివైపు చుక్క అట్లాగే నిలబడింది.