"దొడ్డి" ఎవరండీ?



లీడ్స్‌లో మా అమ్మ ఉంటున్న కేర్ హోమ్‌కి పోయిన శీతాకాలం ఒక సాయంత్రం వెళ్తే, అక్కడి నర్సు నన్ను పక్కకి పిలిచి అడిగిన ప్రశ్న ఇది. "మీ అమ్మగారు నాలుగు రోజులుగా దొడ్డీ దొడ్డీ అని పిలుస్తున్నారు. ఎవరది? మీ సిస్టరా? ఒకసారి తీసుకొస్తారా?"

నవ్వొచ్చిందా? నాకూ ఒక్క క్షణం వచ్చింది. మా అమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. దొడ్డికెళ్ళాలి అంటోందావిడ. నాలుగు రోజులు అడిగింది. ఎవరికీ అర్థం కాలేదు. బట్టలు పాడయ్యాయి. మార్చడానికి వచ్చినవాళ్ళని సిగ్గుతో తోసేసింది. నోట్సులో మాత్రం "అరుస్తున్నారు, చెయ్యి చేసుకుంటున్నారు" అని ఎక్కింది. శాంతంగా ఉంచే మాత్ర రాయమని డాక్టరుని అడగబోతున్నారు.

ఆ మాత్రలు ఆషామాషీవి కావు. 2009లో ప్రొఫెసర్ బెనర్జీ ఇక్కడి ఆరోగ్యశాఖకి ఇచ్చిన నివేదిక ప్రకారం, బ్రిటన్‌లో సుమారు 1,80,000 మంది డిమెన్షియా రోగులకి యాంటీసైకోటిక్ మందులు ఇస్తున్నారు. వాటివల్ల ఏటా 1,800 అదనపు మరణాలు సంభవిస్తున్నాయని ఆయన అంచనా. ఆ తర్వాత వాడకం బాగా తగ్గించారు, నిజమే. కానీ ఒక్క తెలుగుమాట తెలియనందుకు మా అమ్మ ఆ లెక్కలో చేరబోయింది.

సిబ్బందిని తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆ నాలుగు రోజులూ నేనెక్కడున్నాను? అక్క ఇండియా వెళ్ళింది. నేను ఆఫీసులో రిలీజు పనిలో పడి, రేపు వెళ్దాంలే అనుకున్నాను. ముందు నన్నే తిట్టండి.

అయితే "తల్లిని వృద్ధాశ్రమంలో పడేశాడు" అనే పెద్దమనుషులకి మాత్రం ఒక మాట. జనవరి మంచులో, రాత్రి రెండింటికి, ఉత్తి కాళ్ళతో వీధిలోకి వెళ్ళిపోయిన మనిషిని మీరెప్పుడైనా వెతికారా? మూడేళ్ళు ఇంట్లోనే చూసుకున్నాం. అప్పుడు ఒక్కరూ వచ్చి "నువ్వు రెండు గంటలు పడుకో, నేను కూర్చుంటా" అనలేదు. ఇప్పుడు తీర్పు చెప్పడానికి మాత్రం అందరికీ తీరికే!

అసలు మనం ఈ జబ్బుని జబ్బని ఒప్పుకోం. "చాదస్తం" అంటాం, "వయసొచ్చిందిగా" అంటాం, నలుగురికీ తెలిస్తే పరువుపోతుందని దాచిపెడతాం. చివరి దశలో తప్ప డాక్టరు దగ్గరికి వెళ్ళం. ఈ జబ్బులో తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోవడం తరచు కనిపిస్తుంది. అమ్మ ఇక్కడ పదేళ్ళలో కూడగట్టుకున్న ఇంగ్లీషంతా పోయింది. మిగిలింది తెనాలి తెలుగే.

2013లోనే ఇక్కడి పార్లమెంటు సభ్యుల బృందం ఒకటి హెచ్చరించింది. ఇంగ్లండు, వేల్సులలో నల్లజాతి, ఆసియా తదితర మైనారిటీల్లో డిమెన్షియా రోగులు సుమారు 25,000 మంది ఉన్నారనీ, 2026కల్లా ఆ సంఖ్య రెట్టింపవుతుందనీ, 2051 నాటికి 1,72,000 దాటుతుందనీ అంచనా వేసింది. ఆ 2051లో మంచాల మీద ఉండేది ఎవరనుకుంటున్నారు? మనమే!

మరి మన సంఘాలు ఏం చేస్తున్నాయి? ఉగాదికి సినిమావాళ్ళ టిక్కెట్లు, హోటలు ఖర్చులు. ఎన్నికలొస్తే పార్టీ జెండాలతో కార్ల ర్యాలీలు. ఇదే లీడ్స్‌లో టచ్‌స్టోన్ అనే సంస్థ దక్షిణాసియావాళ్ళ కోసం "హమారీ యాదేఁ" అని డిమెన్షియా కెఫే నడిపింది. పేరు చూడండి, హిందీ ఉర్దూలది. తెలుగుకి ఎవరు చేస్తారు? తెలుగుభాష గొప్పదనం మీద ఉపన్యాసాలిచ్చే మనం కాకపోతే?

ఇక ప్రభుత్వాల సంగతి. 2011లో అక్క అమ్మని తెచ్చుకోగలిగింది. 65 దాటి, భర్త పోయి, పిల్లలమీద ఆధారపడ్డ తల్లికి అప్పటి నిబంధనల్లో దారి ఉండేది. 2012 జూలై 9 నుంచి దాన్ని దాదాపు మూసేశారు. తల్లి తన పనులు తాను చేసుకోలేని స్థితికి రావాలి. పైగా, మనం డబ్బు పంపినా అక్కడ ఆమెకి తగిన సంరక్షణ దొరకదని నిరూపించాలి. అంటే మనం కట్టే పన్ను ముద్దు, మన జీతమే మన అమ్మకి అడ్డు! దీనిమీద కోర్టుకెళ్తే 2017లో అప్పీలు కోర్టు కూడా ప్రభుత్వం పక్షానే నిలిచింది. మా అమ్మకి అన్నం తినిపించే మలయాళీ అమ్మాయి గతీ అంతే. 2024 మార్చి తర్వాత కొత్తగా ఆ వీసాకి వచ్చినవాళ్ళు భర్తనీ పిల్లల్నీ తెచ్చుకోకూడదన్నారు. మన ముసలివాళ్ళని చూడ్డానికి వాళ్ళు కావాలి, వాళ్ళ కుటుంబాలు మాత్రం అక్కర్లేదు.

పోనీ అక్కడైనా బాగుందా? 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఇండియాలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతానికి, అంటే 88 లక్షలమందికి డిమెన్షియా ఉంది. మన పార్టీల ఎన్నారై విభాగాలు నాయకులకి దండలు వేస్తాయిగానీ, జిల్లాకొక జ్ఞాపకశక్తి క్లినిక్ పెట్టమని ఒక్క వినతిపత్రం ఇచ్చాయా?

నేనడిగేవి మూడు. మీ ఎంపీకి 2012 నిబంధనల గురించి ఉత్తరం రాయండి. రేపు మీ ఊరికి మన రాష్ట్రాలనుంచి మంత్రి ఎవరైనా వస్తే, శాలువాతోపాటు డిమెన్షియామీద ఒక ప్రశ్న కూడా వెయ్యండి. మూడోది అన్నిటికంటే చిన్నది: నెలకొక ఆదివారం, రెండు గంటలు, మీ ఊళ్ళో కేర్ హోమ్‌లో ఉన్న ఒక తెలుగు పెద్దావిడ దగ్గర కూర్చోండి. వంటలు, ఊళ్ళు, ఏదైనా సరే మాట్లాడండి.

ఆ రాత్రే ఇరవై మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి అమ్మ మంచం పక్కన అతికించాను. దొడ్డి, దాహం, నొప్పి, చలి, భయం... మర్నాడు వెళ్తే అమ్మ నన్ను చూసి "ఎవరు నాయనా?" అంది. రోజూ అడిగేదే. కానీ ఆ మలయాళీ అమ్మాయి గోడవైపు ఒకసారి చూసి, "దొడ్డికా అమ్మా?" అని అడిగింది. అమ్మ తలూపి ఆమె చెయ్యి పట్టుకుని లేచింది.

మాత్ర అవసరం రాలేదు. ఒక్క మాట సరిపోయింది. ఆ మాట అందించడానికి మనం లేకపోతే ఇన్ని సంఘాలెందుకు?