గట్టెక్కినం అంటే తప్పా?

మా పత్రికలో వచ్చిన రామంతాపూర్ కథ ఒకటి ఈ మధ్య ఒక సంకలనంలో చేరింది. 2020 అక్టోబరు వానలకు చెరువు నిండి కింది కాలనీల్లోకి నీళ్లొచ్చిన రాత్రి కథ అది. తెల్లారాక ఒక ముసలమ్మ ‘గట్టెక్కినం బిడ్డా’ అంటుంది. సంకలనం వేసినవారు దాన్ని ‘సర్వైవ్ అయ్యాం’ అని దిద్దారు. రచయితను ఒక్క మాట అడగలేదు. నేటి పాఠకుడికి అర్థం కావాలట!

సరే, ఆ ఇంగ్లీషు మాటనే చూద్దాం. లాటిన్‌లో ‘సూపర్’ అంటే మీద, అవతల. ‘వివేరే’ అంటే బతకడం. సంస్కృత ‘జీవ్’ ధాతువుకు చుట్టమే. ఫ్రెంచి మీదుగా 15వ శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరిన ఈ క్రియ తొలి రోజుల్లో ఆస్తి కాగితాల్లో తిరిగింది: ఒకరు పోయాక ఇంకొకరు మిగలడం, మిగిలినవారికి వాటా దక్కడం. ఇంగ్లీషు మరణవార్తల్లో భార్యాబిడ్డలకు నేటికీ ఆ క్రియే వాడతారు. మనం ‘ఆయనకు భార్య, ఇద్దరు కుమారులు ఉన్నారు’ అని రాస్తాం. ఎవరు ఎవరిని దాటి బతికారన్న లెక్క మనకు పట్టదు.

మన లెక్క వేరు. నీళ్లలోంచి బయటపడితే గట్టెక్కడం. పెద్ద జబ్బు నుంచి లేస్తే బతికి బట్టకట్టడం. చాలీచాలని కూలితో ఈడిస్తే బతుకు వెళ్లదీయడం. దెబ్బతిని మళ్లీ లేస్తే నిలదొక్కుకోవడం. నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో షిఫ్టు దిగి వచ్చేవాళ్లు ఏ మాట ఎక్కడ అనాలో పొరబడరు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగితే అఫ్జల్‌గంజ్ చింతచెట్టెక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారని నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ మూసీ పక్కనే మా పేట. ఇక్కడ గట్టు అలంకారం కాదు, చెరువు కట్ట.

భాష మారుతుందంటారు. మారనివ్వండి, షిఫ్టు అని మేమూ రాశాం. లేని మాట తెచ్చుకోవడం వేరు, ముసలమ్మ నోట్లో ఉన్న మాటను ఊడబెరకడం వేరు. పైగా ‘ఎక్కినం’ కాస్తా ‘అయ్యాం’ అయింది. మాటతో పాటు యాసనూ కోసేశారు. తెలంగాణ రచయితకు ఈ కోత కొత్తది కాదు. సొంత రాష్ట్రం వచ్చాక కూడా తప్పకపోవడమే మా బాధ.

ఆ కథను ఈ సంచికలో మళ్లీ వేస్తున్నాం. ముసలమ్మ అన్నది అన్నట్టే ఉంది.