చిన్న కారును చిన్నగా ఉండనివ్వలేదు

అమెరికాలో ఇవాళ ఏ ఫోర్డ్ షోరూముకు వెళ్లినా పికప్ ట్రక్కులు, ఎస్‌యూవీలు, వ్యాన్లే బారులు తీరి ఉంటాయి. కారు అని పిలవదగ్గది ఒక్క మస్టాంగే. 2018 ఏప్రిల్‌లో ఆ కంపెనీ ఉత్తర అమెరికాలో ఫియెస్టా, ఫోకస్, ఫ్యూజన్, టారస్‌లను ఆపేస్తున్నామని ప్రకటించి, మస్టాంగ్‌ను మాత్రం అట్టిపెట్టుకుంది. ఆ మస్టాంగ్‌ను 1964లో కట్టింది ఫాల్కన్ అనే సాదాసీదా కారు చట్రం మీద. మస్టాంగ్ ఇంకా మెరుస్తూనే ఉంది. ఫాల్కన్ పేరు చెబితే మా ఆఫీసులో కుర్ర ఇంజనీర్లు కూడా ముఖముఖాలు చూసుకుంటారు.

నేను డెట్రాయిట్ శివారులో కార్ల బాడీ డిజైన్ పని చేసుకుని బతుకుతున్నవాణ్ణి. ఈ ఊరి పరిశ్రమ ఇప్పటికీ తేల్చుకోని తగాదా ఒకటి ఫాల్కన్ కథలో ఉందని నా నమ్మకం. మామూలు జీతగాడు కొనుక్కోగలిగే కారు చేయడం కంపెనీ బాధ్యతా, లేక లాభం తగ్గినప్పుడల్లా వదిలేయదగ్గ బేరమా? బాధ్యతే అంటాను నేను.

1950లలో అమెరికా కార్లు ఏడాదికేడాది పొడవయ్యాయి. తోకలకు రెక్కలు మొలిచాయి. 1958లో మాంద్యం వచ్చేసరికి జనం వాటి ధరను, పెట్రోలు ఖర్చును భరించలేకపోయారు. జర్మనీ నుంచి వచ్చిన ఫోక్స్‌వాగన్ బీటిల్, విస్కాన్సిన్‌లో తయారైన ర్యాంబ్లర్ బాగా అమ్ముడుపోసాగాయి. ర్యాంబ్లర్ చేసే అమెరికన్ మోటార్స్ అధిపతి జార్జ్ రామ్నీ పెద్ద కార్లను పెట్రోలు తాగే రాకాసి బల్లులని బహిరంగంగానే తిట్టాడు. అదే సమయంలో ఫోర్డ్ కంపెనీ ఎడ్సెల్ అనే కొత్త బ్రాండు మీద డబ్బు గుమ్మరించి చేతులు కాల్చుకుంది. 1959 నవంబరులో ఎడ్సెల్‌ను మూసేశారు. దానికి కొద్ది వారాల ముందే ఫాల్కన్ మార్కెట్లోకి వచ్చింది.

ఆ ఏడాదే జనరల్ మోటార్స్ కోర్వెయిర్‌ను, క్రైస్లర్ వేలియంట్‌ను తెచ్చాయి. కోర్వెయిర్‌కు ఇంజను వెనక పెట్టి, గాలితో చల్లబడేలా చేశారు. వేలియంట్ ఇంజనును ఒక పక్కకు వాల్చి బిగించారు. మూడింటిలో ఏ విశేషమూ లేనిది ఫాల్కనే. అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయిందీ అదే. తొలి ఏడాదే నాలుగు లక్షలు దాటింది.

దాని వెనక ఉన్న మనిషి రాబర్ట్ మెక్‌నమారా. తర్వాత వియత్నాం యుద్ధంతో పేరు ముడిపడిపోయిన రక్షణ మంత్రి ఆయనే. సైన్యంలో లెక్కలు చూసిన బృందంతో కలిసి 1946లో ఫోర్డ్‌లో చేరాడు. 1956లోనే సీటు బెల్టులు పెట్టి కార్లు అమ్మాలని పట్టుబట్టాడు. యుద్ధం విషయంలో చరిత్ర ఆయన మీద ఇచ్చిన తీర్పుతో నాకు పేచీ లేదు. కారు విషయంలో మాత్రం ఆయన పట్టుకున్న లెక్క సరైనది: ఆరుగురు మనుషులు, వాళ్ల సామాను, తక్కువ పెట్రోలు, తక్కువ ధర. దీనికి ఎంత ఇనుము చాలు?

సమాధానంగా వచ్చిన కారు పొడవు 181 అంగుళాలు, అంటే నాలుగున్నర మీటర్ల పైచిలుకు. ఆనాటి పెద్ద ఫోర్డ్ కన్నా చాలా పొట్టి. ఆరు సిలిండర్ల 2.4 లీటర్ల ఇంజను, 90 హార్స్‌పవర్. స్టీరింగ్ పక్కనే గేరు కర్ర, మూడు గేర్లు. విడి ఛాసిస్ లేదు, బాడీయే చట్రం. ధర రెండు వేల డాలర్ల లోపు నుంచి మొదలు. ప్రకటనల్లో చార్లీ బ్రౌన్, స్నూపీ బొమ్మలు వచ్చేవి. ఆ కార్టూన్ పిల్లలు తెర మీద మొదటిసారి కదిలింది ఫాల్కన్‌ను అమ్మిపెట్టడానికే.

మా పాత సహోద్యోగి ఒకాయన దగ్గర 1961 ఫాల్కన్ ఉంది. ఏటా ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే పాత కార్ల జాతరకు దాన్ని తీసుకొస్తాడు. బానెట్ ఎత్తితే ఇంజను పక్కనుంచి కింద రోడ్డు కనిపిస్తుంది. ప్లగ్గులు, కార్బురేటరు, డిస్ట్రిబ్యూటరు, ఏది కావాలన్నా చెయ్యి పెడితే అందుతుంది. నన్ను ఎక్కువసేపు నిలబెట్టేది సిలిండర్ హెడ్. ఇంజనులోకి గాలీ పెట్రోలూ పంపే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను విడిగా చేసి బోల్టులతో బిగించడం రివాజు. ఫాల్కన్‌లో దాన్ని హెడ్‌తో కలిపి ఒకే పోత పోశారు. ఒక భాగం తగ్గింది, ఒక గ్యాస్కెట్ తగ్గింది, కొన్ని బోల్టులు తగ్గాయి, పోతపనిలో ఖర్చూ తగ్గింది. ఇంజను శక్తి పెంచుకోవాలనుకునేవాళ్లకు ఆ పోతే పెద్ద అడ్డంకి. కానీ ఈ కారు పందేలకు కాదు, పనికి వెళ్లిరావడానికి అన్న సంగతి డ్రాయింగు గీసినవాడికి తెలుసు. నా వృత్తిలో దానికన్నా పెద్ద తెలివి ఏముందో నాకు తెలియదు.

1960 నవంబరులో మెక్‌నమారా ఫోర్డ్ అధ్యక్షుడయ్యాడు. కొద్ది వారాలకే కెనెడీ పిలుపు మీద వాషింగ్టన్ వెళ్లిపోయాడు. అక్కణ్ణుంచి ఫాల్కన్‌ను కాపలా కాసేవాడు లేకపోయాడు. అదే ఏడాది ఫోర్డ్ డివిజన్ పగ్గాలందుకున్న లీ అయకోకాకు అది ఉత్సాహంలేని కారు అనిపించింది. 1961లో విడి సీట్లతో ఫ్యూచురా వచ్చింది. 1963లో ఎనిమిది సిలిండర్ల ఇంజనుతో స్ప్రింట్ వచ్చింది. అది మాంటీ కార్లో ర్యాలీకి కూడా వెళ్లి, 1964లో మినీ కూపర్ వెనక రెండో స్థానంలో నిలిచింది. ఆ ఏడాదే ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో మస్టాంగ్. అడుగు భాగాలు చాలావరకు ఫాల్కన్‌వే, పైన కొత్త రూపం. ధర 2,368 డాలర్ల నుంచి. ఆ తర్వాత ప్రతి అలంకారానికీ, ప్రతి పెద్ద ఇంజనుకూ వేరే డబ్బు. ఫాల్కన్ తొలి ఏడాది రికార్డును దాటాలన్నది అయకోకా పెట్టుకున్న గురి. కొద్ది తేడాతో దాటేశాడు కూడా.

మస్టాంగ్ చేయడం తప్పని అనను, అందమైన కారు. నా ఫిర్యాదు ఆ తర్వాత ఫాల్కన్‌కు జరిగినదాని మీద. 1966లో దాన్ని ఫెయిర్‌లేన్ అనే మధ్యరకం కారు చట్రాన్ని కుదించి దానిమీద కట్టారు. చక్రాల మధ్య దూరం పెరిగింది, బరువు పెరిగింది, అసలు కొలత పోయింది. 1970 మధ్యలో ఫాల్కన్ పేరును టొరీనో అనే ఇంకా పెద్ద కారుకు, అందులోని చవక రకానికి, కొన్ని నెలలు అంటించి తర్వాత పీకేశారు. పదకొండేళ్లు కష్టపడి జనం నమ్మకం సంపాదించుకున్న పేరుకు అంతకన్నా మర్యాద దక్కాల్సింది.

కారు ఎలా పెరుగుతుందో బయటివాళ్లకు చెప్పాలి, ఎందుకంటే ఇందులో విలన్ ఎవరూ ఉండడు. పెళ్లి ఖర్చు పెరిగినట్టే పెరుగుతుంది. తలా ఒక మాట అంటారు, ప్రతి మాటా న్యాయంగానే ఉంటుంది. వెనక సీటులో మోకాళ్లకు ఒక అంగుళం కావాలంటారు. డిక్కీలో ఇంకో సూట్‌కేసు పట్టాలంటారు. చక్రం ఒక సైజు పెద్దదైతే చూడ్డానికి బాగుంటుందంటారు. చక్రం పెద్దదైతే బ్రేకు పెద్దది కావాలి. బరువు పెరిగితే సస్పెన్షన్ గట్టిది కావాలి, దాన్ని మోసే రేకు మందం కావాలి, ఇంత బరువును లాగడానికి ఇంజను పెద్దది కావాలి. అలాంటి సమావేశాల్లో నేను కూర్చున్నాను. అంగుళం కావాలనేవాళ్లకు గొంతు ఉంటుంది. వద్దనే మనిషి మాట చెల్లాలంటే అతని వెనక కంపెనీ పెద్ద ఒకరు నిలబడి ఉండాలి. 1959లో ఆ పెద్ద ఉన్నాడు.

ఫాల్కన్ ఖాళీ చేసిన చోటుకు 1969 ఏప్రిల్‌లోనే మావెరిక్ అనే ఇంకో చిన్న కారును 1,995 డాలర్లకు తెచ్చారు. అంటే అవసరం ఉందని వాళ్లకూ తెలుసు. కానీ అప్పటికే టయోటా కొరోలా అమెరికాలో దిగింది. 1973లో హోండా సివిక్ వచ్చింది, ఆ అక్టోబరులోనే చమురు సంక్షోభం. తక్కువ పెట్రోలుతో, తక్కువ మరమ్మతుతో నడిచే కారు కోసం జనం వెతుకుతున్న వేళ, ఆ పని ముందే నేర్చిన కంపెనీ తన పేరునూ పదేళ్ల అనుభవాన్నీ వదులుకుని కూర్చుంది.

అమెరికాలో చచ్చిపోయిన ఫాల్కన్ రెండు చోట్ల బతికింది. 1960లో ఆస్ట్రేలియాలో దీన్ని దించినప్పుడు అక్కడి మట్టిరోడ్లకు ముందు సస్పెన్షన్ తట్టుకోలేదు. పరువు పోయింది. మెల్‌బోర్న్ ఇంజనీర్లు దాన్ని భాగం భాగంగా గట్టిపరిచారు. 1965లో ఎక్స్‌పీ మోడల్ కార్లు అయిదింటిని తమ పరీక్షా మైదానంలో రాత్రీ పగలూ తిప్పి, అన్నీ కలిపి 70 వేల మైళ్లు, గంటకు 70 మైళ్ల సగటు వేగానికి తగ్గకుండా నడిపించి చూపించారు. అక్కడినుంచి అది ఆ దేశపు సొంత కారు. ట్యాక్సీ అయింది, పోలీసు బండి అయింది, బాథర్స్ట్ పందేల్లో గెలిచింది, మ్యాడ్ మ్యాక్స్ సినిమాలో హీరో నడిపిన నల్ల కారు అయింది. అక్కడా పెరిగింది, కానీ ఆ దేశపు దూరాలకూ రోడ్లకూ తగినట్టు పెరిగింది. ఆఖరి ఫాల్కన్ 2016 అక్టోబరు 7న బ్రాడ్‌మెడోస్ ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది.

రెండోది అర్జెంటీనా. 1962 నుంచి 1991 దాకా అక్కడ సుమారు అయిదు లక్షల ఫాల్కన్లు తయారయ్యాయి. మొదటి రూపం పెద్దగా మారకుండా, ముప్పై ఏళ్లపాటు. ఏ ఊళ్లో మెకానిక్కయినా విప్పి బిగించగలిగిన కారు. అయితే 1976 నుంచి 1983 దాకా సాగిన సైనిక నియంతృత్వంలో మనుషుల్ని ఎత్తుకుపోవడానికి ఆకుపచ్చ ఫాల్కన్లను వాడారు. ఆ దేశంలో ఒక తరానికి ఆ కారు కనిపిస్తే ఒళ్లు జలదరిస్తుంది. పచేకో ఫ్యాక్టరీ కార్మికుల అపహరణకు సహకరించారని ఇద్దరు మాజీ ఫోర్డ్ అధికారులకు 2018 డిసెంబరులో అక్కడి కోర్టు శిక్ష వేసింది. ఫాల్కన్‌ను మెచ్చుకునేవాళ్లెవరూ ఈ సంగతి దాటవేయకూడదు. నేను దాటవేయను.

ఇప్పుడు నా వాదన. చిన్న సెడాన్‌ను జనం కొనడం లేదు కాబట్టి ఆపేశామంటారు. 2024లో అమెరికాలో కొరోలా రెండు లక్షలకు పైగా అమ్ముడుపోయింది, సివిక్ కూడా అంతే. అమెరికా జీతాలిచ్చి చిన్న కారు చేస్తే గిట్టదంటారు. కొరోలా సెడాన్ తయారయ్యేది మిసిసిపీ రాష్ట్రంలో, అమెరికా కార్మికుల చేతుల్లో. అసలు సంగతి పికప్ మీద వచ్చే లాభం ముందు సెడాన్ లాభం ఆనదు. పైగా బయటి దేశాల నుంచి వచ్చే పికప్‌ల మీద 1964 నుంచి 25 శాతం సుంకం ఉంది కాబట్టి అక్కడ పోటీ తక్కువ. మైలేజీ నిబంధనలు కూడా బండి నేల మీద ఆక్రమించే కొలతను బట్టి లక్ష్యం పెట్టాయి. బండి ఎంత పెద్దదైతే లక్ష్యం అంత సులువు. చిన్నగా ఉన్నందుకు చిన్న కారుకు దక్కింది కఠినమైన పరీక్ష.

దీని ఫలితం నాకు మన పిల్లల్లో కనిపిస్తుంది. వరంగల్ నుంచి ఇక్కడికి ఎం.ఎస్. చదవడానికి వచ్చిన కుర్రాడొకడు ఆ మధ్య మా ఇంటికి వచ్చాడు. "అంకుల్, ఎనిమిది వేల డాలర్లలో ఏ బండి కొనుక్కోమంటారు?" అని అడిగాడు. బస్సు దొరకని ఊళ్లలో ఇంటర్న్‌షిప్పుకు వెళ్లాలంటే కారు ఉండాల్సిందే. నేను డెట్రాయిట్ కంపెనీల అన్నం తింటున్నవాణ్ణి. అయినా నా నోట వచ్చింది కొరోలా, సివిక్ పేర్లే. సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి, విడిభాగాలు దొరుకుతాయి, మళ్లీ అమ్మితే డబ్బు వస్తుంది. ఆ కుర్రాడు ఉద్యోగం వచ్చి, పెళ్లయి, పిల్లలు పుట్టాక పెద్ద బండి కొనేటప్పుడు కూడా తనను మొదట్లో ఆదుకున్న షోరూముకే వెళ్తాడు. మా వీధిలో తెలుగువాళ్ల గ్యారేజీలు చూస్తే ఆ వరస కనిపిస్తూనే ఉంటుంది. అమెరికా కంపెనీలు పోగొట్టుకుంటున్నది చిన్న కారు మీద వచ్చే చిన్న లాభం ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఆ కుటుంబం ముప్పై ఏళ్లలో కొనబోయే బళ్లన్నీ పోతున్నాయి.

2022 మోడలుగా ఫోర్డ్ ఒక చిన్న పికప్ తెచ్చి దానికి మావెరిక్ అనే పాత పేరే పెట్టింది. 19,995 డాలర్లు, హైబ్రిడ్ ఇంజనుతో. జనం ఎగబడ్డారు, ఆర్డర్లు తీసుకోవడం ఆపేయాల్సి వచ్చింది. కొత్త కారు సగటు ధర 50 వేల డాలర్ల దరిదాపుల్లో ఉన్న దేశంలో ఇరవై వేల బండికి ఎంత ఆకలి ఉందో ఆ ఒక్క ఏడాదే తేల్చింది. తర్వాత ఏడాదికింత పెంచుతూ ధరను పాతిక వేలు దాటించారు. ఆ ధరను పట్టి ఉంచే మనిషి డియర్‌బోర్న్ ప్రధాన కార్యాలయంలో ఒకరుండాలి. అదే హైబ్రిడ్ ఇంజను మీద, 181 అంగుళాలకు మించకుండా, నాలుగు తలుపుల సెడాన్ ఒకటి చేయాలి. మరుసటి మోడల్‌లో ఒక్క అంగుళం పెంచాలన్నా ఆ మనిషి సంతకం పెట్టాల్సి రావాలి. రేకు కొలతలు తీయడానికి నాలాంటివాళ్లు ఈ ఊళ్లో వేలమంది సిద్ధంగా ఉన్నారు.